ఎదురెండలో కోనీ ఐలాండ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హెరాల్డ్ ఫైన్‌స్టైన్ న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ బీచి ఫొటోలనే దశాబ్దాల పాటు తీశాడట. అంత దగ్గరగా వెళ్లి తీస్తే జనం ఊరుకునేవాళ్లా? ఏ కెమెరా వాడాడు?

జవాబు: 1931లో ఆయన పుట్టిందే కోనీ ఐలాండ్‌లో. 15 ఏళ్ల వయసులో, 1946లో, పొరుగింటివాళ్ల రోలీఫ్లెక్స్ కెమెరా అరువు తెచ్చుకుని మొదలుపెట్టాడు. 17 ఏళ్లకు న్యూయార్క్ ఫొటోగ్రాఫర్ల సంఘం ఫొటో లీగ్‌లో చేరాడు. 19 ఏళ్లకే న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం తరఫున అక్కడి ఫొటోగ్రఫీ విభాగం అధిపతి ఎడ్వర్డ్ స్టైకెన్ ఆయన ఫొటోలు కొన్నాడు. 2015లో ఆయన పోయేనాటికి అందరికీ గుర్తున్నవి ఎక్కువగా ఆ బీచి ఫొటోలే.

జనం ఊరుకోవడానికి సగం కారణం ఆ కెమెరానే అనాలి. రోలీఫ్లెక్స్‌ను కంటి దగ్గర పెట్టుకోరు. నడుము దగ్గర పట్టుకుని, తల వంచి, గాజు మీద బొమ్మ చూస్తారు. ఎవరినో గురిపెట్టినట్టు ఉండదు. చిక్కల్లా ఆ గాజు మీద కుడి ఎడమలు తారుమారు కావడం. కదిలే మనిషిని వెంబడిస్తే కెమెరా అవతలి వైపుకు పోతుంది. అందుకే దాంతో మనుషుల వెనక పరుగెత్తకూడదు. చోటు ఎంచుకుని నిలబడితే మనుషులే ఫ్రేములోకి వస్తారు. రోలుకు 12 ఫ్రేములే కాబట్టి ఓపిక తప్పదు.

మిగతా సగం ఆ చోటు మహిమ. 1920లో సబ్‌వే రైలు కోనీ ఐలాండ్‌లోని స్టిల్‌వెల్ అవెన్యూ దాకా వచ్చింది. అప్పట్లో టికెట్టు 5 సెంట్లు. దాంతో కూలీనాలీ చేసుకునేవాళ్లు కుటుంబాలతో కదిలొచ్చేవారు. మనిషికీ మనిషికీ మధ్య తువ్వాలంత జాగా ఉన్న బీచిలో ఫొటోగ్రాఫరు కూడా గుంపులో ఒకడే. 1940లో వీజీ అనే ఫొటోగ్రాఫరు తీసిన ప్రసిద్ధమైన గుంపు ఫొటో ఎత్తు నుంచి తీసింది. అందులో మనుషులు జనసముద్రం. ఫైన్‌స్టైన్ 1949లో తీసిన టీనేజీ పిల్లల ఫొటోలో మనం వాళ్ల పక్కనే కూర్చున్నట్టు ఉంటాం. మా ఓటు రెండోదానికే. టెలిఫొటో లెన్సుతో దూరం నుంచి తీస్తే ఆ సాన్నిహిత్యం రాదు, పైగా జనానికి అనుమానం. రెండు మీటర్లలోపు వెళ్లండి, కనిపించేలా వెళ్లండి, తీశాక వెంటనే తిరిగి పారిపోకండి.

ప్రశ్న: బీచిలో ముఖాలు నల్లగా వస్తున్నాయి, లేదా ఇసుక తెల్లగా మాడిపోతోంది. కాంతిని కొలిచే మీటరును నమ్మాలా?

జవాబు: ఇసుకను చూపిస్తే నమ్మకండి. మీటరు దేన్ని చూసినా మధ్యస్థమైన బూడిద రంగనుకుంటుంది. మెరిసే ఇసుకను చూసి కాంతి మరీ ఎక్కువైందని తగ్గిస్తుంది, ముఖాలు నల్లబడతాయి. అరచేతిని ఎండలో పెట్టి కొలిచి, అరచేయి తెల్లగా ఉంటే ఒక స్టాపు పెంచండి, అంటే కాంతిని రెట్టింపు చేయండి. మీటరు లేకపోతే ఐఎస్‌ఓ 400 (కాంతికి స్పందించే వేగం) ఫిల్ముకు ఎండలో షట్టరు 1/500 సెకను, లెన్సు ద్వారం ఎఫ్/16. బీచిలో ఇసుకా నీళ్లూ కాంతిని తిప్పికొడతాయి కనుక ద్వారం ఇంకా చిన్నది, ఎఫ్/22.

అసలు చూసుకోవాల్సింది దిక్కు. కోనీ ఐలాండ్ బీచి దక్షిణానికి తిరిగి ఉంటుంది. మధ్యాహ్నం సముద్రం వైపు తీస్తే ఎదురెండ. ముఖం కావాలంటే పై ఎఫ్/22 లెక్క నుంచి రెండు మూడు స్టాపులు పెంచండి, అంటే 1/500 దగ్గర ఎఫ్/11 నుంచి ఎఫ్/8. నీడబొమ్మ చాలనుకుంటే ఆకాశాన్ని కొలవండి. సముద్రానికి వీపు పెట్టి బోర్డ్‌వాక్ (ఒడ్డు వెంబడి చెక్కబాట) వైపు తిరిగితే వెలుగు ముఖాల మీద పడుతుంది కానీ కళ్లు చికిలించుకుంటారు. జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 70 డిగ్రీలు దాటి పైకెక్కుతాడు, కళ్లగుంతల్లో నీడ. నిలబడ్డవాళ్లకు ఇది తప్పదు. ఇసుకలో పడుకున్నవాళ్లకు మాత్రం కింది నుంచి ఇసుక వెలుగు నింపుతుంది, ఫ్లాష్ అక్కర్లేదు. సాయంత్రం 5 గంటలు దాటాక వెలుగు పడమటి నుంచి ఒడ్డు పొడవునా ఏటవాలుగా వస్తుంది. మాకు నచ్చే వేళ అదే. అస్తమయం మాత్రం భవనాల వెనక జరుగుతుంది, నీళ్ల మీద కాదు. ఆ ఆశతో వెళ్లకండి.

ఫోకస్‌తో కుస్తీ వద్దు. 35 ఎం.ఎం. లెన్సును ఎఫ్/16లో 2.6 మీటర్ల దగ్గర పెట్టి వదిలేస్తే 1.3 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టం. రోలీఫ్లెక్స్‌కు ఈ సుఖం లేదు. 75 ఎం.ఎం. లెన్సు కావడంతో అదే ఎఫ్/16లో దాదాపు 3.2 మీటర్ల నుంచే పదును మొదలవుతుంది. దగ్గరి మనిషిని గాజు మీద చూసి ఫోకస్ చేయాల్సిందే.

ప్రశ్న: బీచిలో తీసిన నెగెటివ్‌ల మీద పొడవునా సన్నని గీతలు. ల్యాబు తప్పా?

జవాబు: గీత తిన్నగా ఫ్రేము తర్వాత ఫ్రేముకు సాగితే ముందుగా ఇసుకను అనుమానించండి. ఒక్క రేణువు 35 ఎం.ఎం. క్యాసెట్టు మూతి దగ్గరి వెల్వెట్టులో చిక్కుకున్నా, ఫిల్మును వెనక నుంచి అదిమే ప్రెషర్ ప్లేటు మీద కూర్చున్నా రోలంతా గీకుతుంది. క్యాసెట్టును ప్యాంటు జేబులో వేసుకోకండి, మూత ఉన్న డబ్బాలోనే ఉంచండి. ఫిల్ము మార్చేటప్పుడు గాలికి వీపు పెట్టి, కెమెరాను తలకిందులుగా పట్టుకుని వెనక తలుపు తెరవండి. రోలీఫ్లెక్స్‌లో వాడే 120 రోలైతే నీడలో మార్చండి. వదులుగా చుట్టుకుంటే ఎండకు అంచులు మసకబారతాయి.

ఉప్పు తుంపర పడిన లెన్సును పొడిగుడ్డతో రుద్దడం పెద్ద పొరపాటు. ముందు బ్లోయరుతో ఊది, తర్వాత శుభ్రమైన నీళ్లతో కాస్త తడిపిన గుడ్డతో అద్ది, ఆపైనే లెన్సు తుడిచే ద్రావణం. ఫిల్టరు పెట్టుకుంటే ఈ పాట్లు దానికే పరిమితం.

ప్రశ్న: అడగకుండా తీసిన ముఖాన్ని ప్రదర్శనలో పెట్టొచ్చా?

జవాబు: న్యూయార్క్ వరకు చెప్పాలంటే, బహిరంగ స్థలంలో తీయడానికి అనుమతి అక్కర్లేదు. ఆ రాష్ట్ర పౌరహక్కుల చట్టంలోని 50, 51 సెక్షన్లు ప్రకటనలకూ వ్యాపారానికీ మనిషి బొమ్మ వాడాలంటే రాతపూర్వక సమ్మతి కావాలంటాయి. కళాప్రదర్శన, పరిమిత సంఖ్యలో ప్రింట్ల అమ్మకం ఆ కిందికి రావని ఫొటోగ్రాఫరు ఫిలిప్-లోర్కా డికోర్సియా వీధి ఫొటోల కేసులో 2006లో అక్కడి న్యాయస్థానం తేల్చింది. అదే ఫొటోను కూల్‌డ్రింకు ప్రకటనకు ఇస్తే కథ వేరు. చట్టం ఒప్పుకున్నా, వద్దని చెయ్యి అడ్డుపెట్టినవాళ్లను వదిలేయడమే మర్యాద.

ప్రశ్న: ఆ పాత ఫొటోల్లోని ఆటలు ఇంకా ఉన్నాయా?

జవాబు: 1927 నాటి చెక్క రోలర్ కోస్టర్ సైక్లోన్, 1920 నాటి జెయింట్ వీల్ వండర్ వీల్ తిరుగుతున్నాయి. ప్యారాచూట్ జంప్ నిలబడే ఉంది కానీ ఎవరూ ఎక్కరు. స్టీపుల్‌చేజ్ పార్కు 1964లో మూతపడింది. సైక్లోన్ బండిని తీయాలంటే మొదటి శిఖరం మీద పట్టండి. అక్కడ నెమ్మదిస్తుంది కనుక 1/250 చాలు. దిగుతుండగా అయితే 1/1000 ఉండాలి, లేదా 1/60 పెట్టి బండితోపాటు కెమెరాను తిప్పాలి.