పడిపోయిన వరి, తొందరపడిన పత్తి: రైతుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సాంబ మసూరి కోతకు వారం ఉందనగా తుపాను గాలికి చేనంతా పడిపోయింది. కంకులు నీళ్లలో ఉన్నాయి. మొలక రాకుండా ఉప్పునీళ్లు కొట్టమంటున్నారు. ఎంత కలపాలి, ఎప్పుడు కొట్టాలి?
– ఒక రైతు, దివిసీమ

జవాబు: ముందు నీళ్లు తీయండి, ఉప్పు సంగతి తర్వాత. కంకి మునిగి ఉండగా ఎంత కొట్టినా కడుక్కుపోతుంది. గట్లకు గండ్లు కొట్టి, చేలో చిన్న బోదెలు తీసి నీటిని మురుగుకాలవలోకి దింపండి. ఆ కాలవే నిండి ఎదురు తంతుంటే ఇంజను పెట్టి తోడించక తప్పదు. నీరు దిగాక పడిన దుబ్బులను నాలుగైదు చొప్పున లేపి కలిపి కట్టండి. కూలీలు దొరక్కపోతే పల్లంలో పడిన వాటినైనా కట్టించండి.

వాన తెరిపివ్వగానే లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి కంకులు బాగా తడిసేలా పిచికారీ చేయాలి. 16 లీటర్ల ట్యాంకుకు 800 గ్రాములు, ఎకరాకు 200 లీటర్లకు 10 కిలోలు. ఉప్పును ముందుగా బకెట్లో కరిగించి గుడ్డతో వడకట్టండి, లేకపోతే నాజిల్ పట్టేస్తుంది. ఉప్పు వల్ల గింజ నీరు పీల్చుకోవడం తగ్గుతుంది, అందుకే మొలక ఆగుతుంది. మొలక ఇప్పటికే బయటికి వచ్చిన గింజకు మాత్రం దీనితో ప్రయోజనం లేదు. మళ్లీ వాన పడితే మళ్లీ కొట్టాలి. పని అయ్యాక పంపును మంచినీళ్లతో కడగండి.

పక్క మడి ఇంకా పాలు పోసుకునే దశలో ఉంటే అక్కడ ఉప్పు కొట్టకండి, పచ్చి ఆకు మాడిపోతుంది. నీరు తీసేసి, గింజ మచ్చ రాకుండా ప్రోపికొనజోల్ లీటరుకు 1 మి.లీ. కలిపి కొడితే చాలు. తడి పనలను కుప్ప వేయడం అన్నిటికన్నా చేటు. లోపల వేడి పుట్టి గింజ రంగు మారుతుంది. ధాన్యం తేమ 17 శాతానికి దిగేదాకా ఆరబెట్టాకే కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లండి. ఈ చేలో ధాన్యాన్ని విత్తనానికి ఉంచవద్దు. పంటకు బీమా ఉంటే నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేయండి.

వచ్చే ఏటికి ఒక మాట. సాంబ మసూరి 150 రోజుల పంట. జూన్ మధ్యలో నారు పోస్తే నవంబరు మధ్యకు కోతకొస్తుంది. కాలవ నీళ్లు ఆలస్యమై జులై చివర పోస్తే డిసెంబరు చివరిదాకా చేలోనే ఉంటుంది. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అంత ఆలస్యమైతే 120–125 రోజుల రకానికి మారడమే మేలు.

ప్రశ్న: మృగశిర రాగానే పత్తి గింజలు పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్ జిల్లా

జవాబు: కార్తె వచ్చిందని పెట్టకండి. సూర్యుడి నడకను బట్టి మృగశిర ఏటా జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. వాన వచ్చినా రాకపోయినా ఆ తేదీ మారదు. తేలిక నేలల్లో 60, నల్లరేగడిలో 75 మి.మీ. వాన పడి, జానెడు లోతు తవ్వితే మట్టి తడిగా కనబడాలి. ఒక్క జల్లుకే పెడితే గింజ మొలిచి, వారం ఎండ కాస్తే వేరు కింది తడిని అందుకోలేక చస్తుంది. రెండోసారి విత్తనాలు కొనాల్సి వస్తుంది. జులై 20 దాకా గడువుంది, ఆగండి. విత్తేరోజే కొన్ని గింజలను చిన్న కవర్లలో మట్టి నింపి పెట్టుకుంటే, మొలవని చోట అదే వయసు మొక్కలతో పోగుంటలు నింపుకోవచ్చు.