నాన్నకు ‘కరెంటు’ ఎన్ని రోజులు పెట్టాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. వ్యవసాయం చేసే మా నాన్నకు 69 ఏళ్లు. రాత్రిపూట నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తుంటే పరీక్షలు చేయించాం. రక్తపరీక్షలో పీఎస్‌ఏ 8, ముక్క పరీక్షలో క్యాన్సర్ తీవ్రత చెప్పే గ్లీసన్ స్కోరు 3+4 వచ్చాయి. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్, గ్రంథి దాటలేదన్నారు. ఆపరేషన్ వద్దనుకుంటే కరెంటు పెట్టించమన్నారు. రెండు నెలలు హైదరాబాద్‌లో ఉండలేం. కరెంటు పెడితే మనవళ్లను ముట్టుకోవద్దని ఊళ్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మనవళ్ల సంగతి చెప్తాను. మీరు కరెంటు అంటున్నది రేడియేషన్. మెషీన్‌తో బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు. అదే సాయంత్రం మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. బియ్యపు గింజంత రేడియోధార్మిక గింజలను గ్రంథిలో శాశ్వతంగా ఉంచే బ్రాకీథెరపీకి మాత్రమే కొన్నాళ్లు ఆ జాగ్రత్త కావాలి. రాత్రి అన్నిసార్లు లేస్తున్న మీ నాన్నగారికి గింజల పద్ధతి నా మొదటి ఎంపిక కాదు, మూత్రం ఇబ్బంది ఇంకా పెరగొచ్చు. ఆ లేవడం కూడా చాలావరకు గ్రంథి వాపు వల్లే అయి ఉంటుంది. యూరాలజిస్టుకు చూపించి ముందు దాన్ని మందులతో అదుపులోకి తెచ్చుకోండి.

ఇక రోజుల లెక్క. ఒకప్పుడు 37 సిట్టింగులు, దాదాపు ఎనిమిది వారాలు. నాలుగు వారాల్లో 20 సిట్టింగులతోనూ క్యాన్సర్ అంతే బాగా అదుపులో ఉంటుందని బ్రిటన్ అధ్యయనంలో 2016లోనే తేలింది. ఇలాంటి తొలిదశకు, ఒక్కో సిట్టింగులో ఎక్కువ మోతాదును కచ్చితంగా గురిపెట్టి ఇచ్చే ఎస్‌బీఆర్‌టీ పద్ధతిలో ఐదే సిట్టింగులు ఇస్తున్నారు, ఒకటి రెండు వారాల్లో అయిపోతుంది. మీ నాన్నగారికి ఈ రెండింట్లో ఏది సరిపోతుందో రేడియేషన్ డాక్టర్‌ని సూటిగా అడగండి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలోనూ అడగొచ్చు. ఎంచుకున్న పద్ధతికి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రతో ముందే తేల్చుకోండి.

రోజూ బస్సులో వచ్చిపోవాలని మాత్రం అనుకోవద్దు. ప్రతి సిట్టింగుకూ మలవిసర్జన అయిపోయి, మూత్రాశయం నిండుగా ఉండాలి. అప్పుడే పేగు, మూత్రాశయం కిరణాల దారికి కాస్త ఎడంగా ఉంటాయి. చెప్పినన్ని నీళ్లు తాగి, మూత్రం ఆపుకొని, వంతు కోసం కూర్చోవాలి. మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా గంటల ప్రయాణం చేసొచ్చిన పెద్దాయనకు అది నరకం. ఆ కొద్ది రోజులు ఆస్పత్రి దగ్గర్లోనే గది చూసుకోండి.

కంగారుగా నిర్ణయం తీసుకోవద్దు. రెండో అభిప్రాయం కోసం రెండు మూడు వారాలు ఆగినా నష్టం లేదు.

చికిత్స సమయంలో మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం మామూలే, కొన్ని వారాల్లో తగ్గుతాయి. కొద్దిమందికి తర్వాతెప్పుడో మలంలో రక్తం కనిపిస్తుంది, అప్పుడు ఆలస్యం చేయక చూపించాలి. అంగస్తంభన కూడా క్రమంగా తగ్గొచ్చు. మీ ముందు నాన్నగారు ఆ మాట ఎత్తరు. డాక్టర్‌తో ఓ పది నిమిషాలు ఆయన్ను ఒంటరిగా మాట్లాడనివ్వండి.