కొత్త బ్యాటరీ వేసినా పొద్దున బండి లేవకపోతే

కారు సందేహాలు – జవాబులు

ప్రశ్న: మాది పదేండ్ల కిందటి చిన్న పెట్రోల్ కారు. నాలుగు నెలల కింద కొత్త బ్యాటరీ వేయించిన. రెండు రోజులు తీయకపోతే సెల్ఫ్ కొట్టదు. బండి నిలబడి ఉన్నప్పుడు మీటర్ బోర్డులో ఎర్ర బ్యాటరీ గుర్తు మసకగా వెలుగుతది, రేజ్ చేస్తే పోతది. మెకానిక్ డైనమో పోయింది, కొత్తది వేయాలె అంటున్నడు. ఇంట్లనే తేల్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: తేల్చుకోవచ్చు. మల్టీమీటర్ ఒకటి ఉంటే చాలు. బ్యాటరీ కొనక ముందే ఈ పని చేసి ఉంటే ఆ డబ్బు మిగిలేదేమో.

మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే కిందికి పోతే దిగిపోయినట్టే. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి అదే బ్యాటరీ మీద మళ్లీ చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 12 దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే ఛార్జింగ్ లేదు. 15 దాటితే అసలు లోపం కటౌట్‌లో, అంటే రెగ్యులేటర్‌లో ఉంది. అలాంటి బండిలో బ్యాటరీ నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, బల్బులు మాడతాయి. కొత్త మోడళ్లలో బ్యాటరీ నిండగానే కంప్యూటరే వోల్టేజీ తగ్గిస్తుంది కాబట్టి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి చూస్తేనే లెక్క సరిగా తెలుస్తుంది.

తక్కువ వచ్చినంత మాత్రాన ఆల్టర్నేటర్ (మీ మెకానిక్ డైనమో అన్నది ఇదే, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని నింపేది) మీద తీర్పు చెప్పొద్దు. దాన్ని తిప్పే బెల్టు నునుపుదేరి జారుతోందా చూడండి. ఇంజిన్ నడుస్తుండగా ఒక పిన్ను ఆల్టర్నేటర్ వెనకాల లావు వైరు బిగించిన బోల్టుకు, ఇంకో పిన్ను బ్యాటరీ ప్లస్‌కు పెట్టండి. లైట్లు వేసినప్పుడు 0.3 వోల్టు దాటితే ఆ వైరులోనో, దాని చివర్లలోనో తుప్పు ఉంది. ఆల్టర్నేటర్ బాడీకి, బ్యాటరీ మైనస్‌కు మధ్య కూడా అలాగే చూడండి, అక్కడ 0.2 దాటకూడదు. ఎర్త్ వైరు శుభ్రం చేస్తే పోయే జబ్బుకు ఆల్టర్నేటర్ మార్చిన బండ్లు తక్కువేం కాదు.

మీరు చెప్పిన లక్షణాలు మాత్రం డయోడ్ వైపు, అంటే ఆల్టర్నేటర్ లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం వైపు చూపిస్తున్నాయి. డయోడ్ ఒకటి పోతే ఛార్జింగ్ కొంత వస్తూనే ఉంటుంది, లైటు మసకగా వెలుగుతుంది, బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి కారిపోతుంది. పరీక్ష ఇది: బండి ఆపి, తాళంచెవి తీసి, డోర్లు మూసి అరగంట వదిలేయండి. మైనస్ వైరు విప్పి, మీటరు 10 ఆంపియర్ల రంధ్రంలో పిన్ను మార్చి, ఆ వైరుకు, బ్యాటరీ మైనస్‌కు మధ్యలో పెట్టండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొడితే దాని ఫ్యూజు ఎగిరిపోతుంది. మొదట అంకె ఎక్కువ చూపి కొద్ది నిమిషాల్లో దిగుతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు మామూలే. అంతకంటే ఎక్కువ నిలిచిపోతే మీటరు తీసి, ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి టేపు చుట్టి, మళ్లీ కొలవండి. అప్పుడు పడిపోయిందంటే దొంగ దొరికినట్టే. డయోడ్ ప్లేటు ఒక్కటీ మార్చమని ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడగండి, మొత్తం యూనిట్ అక్కర్లేదు.

ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వోల్టేజీ కొలిచి అర వోల్టు దాటితే డయోడ్ పోయిందని కూడా చెబుతారు. మాట నిజమే కానీ చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా కలిపి చూపిస్తాయి. పిన్నులు తిప్పి పెడితే అంకె మారిపోతే ఆ మీటరును ఈ పరీక్షకు నమ్మొద్దు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగితే ఆల్టర్నేటర్ పోయిందనే పాత పరీక్ష మాత్రం చేయనివ్వకండి. ఆ క్షణంలో వోల్టేజీ ఎగదన్ని కంప్యూటర్‌నే కాల్చేయొచ్చు.

ప్రశ్న: ఆల్టర్నేటర్ నేనే విప్పి మార్చుదామనుకుంటున్నా. జాగ్రత్తలు చెప్పండి.
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: ముందు పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చండి. ఆంపియర్లు, పుల్లీ సైజు, దాని మీది గాళ్లు, ప్లగ్గులోని పిన్నులు, బోల్టు చెవులు అన్నీ ఒకటే ఉండాలి. 4 గాళ్ల బెల్టుకు 5 గాళ్ల పుల్లీ తెచ్చుకుని తిప్పలు పడేవాళ్లు ఉన్నారు.

బెల్టు ఎలా తిరుగుతుందో ఫోన్‌లో ఫొటో తీసుకుని, బ్యాటరీ మైనస్ విప్పండి. ఇది మరిచిపోకూడదు. ఆల్టర్నేటర్ వెనకాల లావు వైరు బ్యాటరీకి నేరుగా కలిసి ఉంటుంది, పానా ఇంజిన్ బాడీకి తగిలిందంటే నిప్పులే. తర్వాత సన్న ప్లగ్గు, లావు వైరు నట్టు విప్పండి. సర్దుబాటు బోల్టు వదులు చేసి బెల్టు తీసి, చివరగా కింది పొడుగు బోల్టు లాగండి. చిన్న కార్లలో 10, 12, 14 పానాలతో పని చాలావరకు అయిపోతుంది. పొడుగు బోల్టు పట్టేసి ఉంటే తుప్పు వదిలే నూనె కొట్టి ఆగండి. సుత్తి బలం చూపిస్తే అల్యూమినియం చెవి విరుగుతుంది. కొత్తది బ్రాకెట్‌లో దూరకపోతే దాని చెవిలోని ఇనుప బుష్షును కొద్దిగా వెనక్కి తట్టండి, బోల్టు బిగించినప్పుడు అదే సర్దుకుంటుంది.

చేతితో బిగించే బెల్టయితే పొడుగు వరుస మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే దాదాపు 10 మి.మీ. దిగాలి. మరీ బిగిస్తే బేరింగులు అరుస్తాయి, అదే బెల్టు మీద తిరిగే వాటర్ పంపు బేరింగ్ కూడా పోతుంది. లావు వైరు నట్టు గట్టిగానే బిగించాలి కానీ కింది ప్లాస్టిక్ పగిలేంత కాదు. దిగిపోయిన బ్యాటరీని ఛార్జర్‌తో నింపాకే స్టార్ట్ చేయండి. ఖాళీ బ్యాటరీని నింపే భారమంతా మొదటిరోజే మీద పడితే కొత్త ఆల్టర్నేటర్ కాలిపోయేంత వేడెక్కొచ్చు.

విప్పిన పాతదాన్ని పారేయకండి. కార్బన్లు, అంటే లోపలి రింగులకు ఆనుకుని ఉండే బ్రష్షులు అరిగి 5 మి.మీ. కంటే తక్కువ మిగిలితే చాలా మోడళ్లలో మార్చాల్సిందే, అది చిన్న ఖర్చు. లోపలి రెండు రాగి రింగుల మధ్య మీటరు 2 నుంచి 5 ఓమ్‌లు చూపి, రింగుకు, షాఫ్టుకు మధ్య ఏమీ చూపకపోతే రోటర్, అంటే లోపల తిరిగే చుట్ట బాగున్నట్టే. పత్తి సీజన్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు వైపు తిరిగే బండ్లయితే ఆల్టర్నేటర్ వెనక గాలి ఆడే జాలీలో దూది ఇరుక్కుందేమో కూడా చూడండి. గాలి ఆడకపోతే ముందుగా పోయేవి డయోడ్లే.

ప్రశ్న: రాత్రిపూట ఏటూరునాగారం దారిలో ఎర్ర బ్యాటరీ లైటు వెలిగితే ఇంటిదాకా రావచ్చా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ముందు ఆపి బానెట్ ఎత్తండి. బెల్టు తెగి ఉండి, వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద తిరిగేదైతే ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు, ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోతుంది. బెల్టు బాగుంటే బండి బ్యాటరీ మీదే నడుస్తుంది. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలో అక్కరకొచ్చేది సుమారు సగం అనుకోండి. ఇంజిన్, ఇంధన పంపు, హెడ్‌లైట్లు కలిపి 20 ఆంపియర్లు లాగితే ముప్పావు గంటకు మించి లెక్క వేసుకోకండి, పాత బ్యాటరీకి అదీ ఎక్కువే. ఏసీ, పాటలు, ఫోన్ ఛార్జింగ్ ఆపేయండి, హై బీమ్ వాడకండి, మధ్యలో ఇంజిన్ ఆపకండి. ఆపితే మళ్లీ సెల్ఫ్ కొట్టదు. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న బండిలో వోల్టేజీ పడేకొద్దీ స్టీరింగ్ బరువెక్కుతుంది. లైట్లు పచ్చబడ్డాయంటే అడవి మధ్యకు పోకుండా దగ్గరి ఊళ్లోనో, పెట్రోల్ బంకులోనో నిలపండి.