రెండు మతాల్ని పోల్చబోయే ముందు

చి. మాధవికి ఆశీస్సులు.

"దావో మతం, యూదు మతం: తులనాత్మక పరిశీలన" అని రాసి పంపావు. అది అంశం కాదమ్మా, రెండు గ్రంథాలయాలు. అటొక చిన్న భాగం, ఇటొక చిన్న భాగం తీసుకుని రెండింటినీ ఒకే ప్రశ్న అడుగు. 'పని చేయకపోవడం అంటే ఏమిటి?' అనుకో. యూదుల పాత ధర్మనియమాల సంకలనం మిష్నాలో షబ్బాత్ (వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం) భాగం, ఏడో అధ్యాయం చూడు. ఆ రోజు నిషిద్ధమైన పనులు 'నలభైకి ఒకటి తక్కువ' అని లెక్క చెప్పి, విత్తడం, దున్నడం, కోయడం అంటూ వరస పెడుతుంది. దావో మతపు మూలగ్రంథం లావోత్సులోని 'వూవెయ్'కి (చేయకుండా ఉండటం) జాబితా లేదు, వారమూ లేదు; చాలాచోట్ల అది రాజ్యం ఏలేవాడికి చెప్పిన మాట. "రెండూ విశ్రాంతినే బోధిస్తాయి" అని రాశావో, పని అక్కడితో ఆగిపోతుంది. తేడా మొదలైన చోటే నీ అధ్యాయం మొదలవ్వాలి.

శబ్దం కలిసిందని మురిసిపోకు. పారిస్‌లో చైనీస్ పీఠానికి తొలి ఆచార్యుడైన అబెల్ రెమ్యుజా అంతటివాడే 1823లో పొరబడ్డాడు. లావోత్సు 14వ అధ్యాయంలోని యీ, షీ, వెయ్ మూడూ కలిపితే హీబ్రూ దేవుడి పేరు యహ్వే అన్నాడు. వాటి అర్థం ఆ వాక్యాల్లోనే ఉంది: చూసినా కనబడనిది యీ, విన్నా వినబడనిది షీ, పట్టబోయినా చిక్కనిది వెయ్. పైగా 1973లో చైనాలోని మావాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన ఆ గ్రంథపు పట్టు ప్రతుల్లో వరస వెయ్, షీ, యీ అని ఉంది. తిరగేసి రాసినా చెడలేదంటే అది పేరెలా అవుతుంది? అందుకే ఏ ప్రతిలోని పాఠం చదువుతున్నావో మొదటి పేజీలోనే చెప్పు.

నోటుబుక్కులో మూడు గడులు గీయి: మూలపదం, పాత వ్యాఖ్యాత ఇచ్చిన అర్థం (అటు లావోత్సుకి వాంగ్ బీ, ఇటు యూదు గ్రంథాలకి రాషీ), నీ తెలుగు మాట. మూడోది చివర్న నింపు. దావో అంటే మామూలుగా దారి; దాన్ని తొందరపడి 'బ్రహ్మం' అన్నావా, పిలవని పేరంటానికి మూడో మతం వచ్చి కూర్చుంటుంది.

నిజంగా కలిసిన చోటు కావాలంటే చైనాలో కైఫెంగ్ నగరం ఉంది. అక్కడి యూదులు 1512 శిలాశాసనం శీర్షికలో తమ గ్రంథాన్ని 'దావో జింగ్' (దావో గ్రంథం) అన్నారు. లావోత్సు తొలి 37 అధ్యాయాలకూ అదే పేరు! ఇంకేం, దావో ప్రభావం అనేయకు. 'దావో' కన్ఫ్యూషియన్లు కూడా రోజూ వాడిన మాట, కైఫెంగ్ శాసనాల భాషలో వాళ్ల ఛాయే ఎక్కువ.

ముందు ఆ 14వ అధ్యాయానికి మూడు గడులూ నింపి పంపు. ముందుమాట తర్వాత రాసుకోవచ్చు.