లింకింగ్ నంబర్ పూర్ణాంకమైతే, రైద్‌లో దశాంశం ఎక్కడిది?

"లింకింగ్ నంబర్ = ట్విస్ట్ + రైద్ అని బట్టీ పట్టాను. ఎడమవైపు పూర్ణాంకం, కుడివైపు దశాంశాలు, ఎలా?" అని మీరు అడిగారు. ఒంగోలులో డిగ్రీ పిల్లలకు ఈ డీఎన్ఏ మెలికల పాఠం చెబుతుంటాను, చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు.

క్లాసుకు నేను కొత్తపట్నం పడవల వాళ్లు వాడే నైలాన్ తాడు పట్టుకెళ్తాను. ఇద్దరు చెరో కొస పట్టుకుంటే, ఒకరు పురి ఎక్కిస్తారు. బిగువుగా లాగినంతసేపూ అది పురిగానే ఉంటుంది. చేతులు దగ్గరికి తెచ్చారా, తాడు తన మీద తనే మెలికలు పడుతుంది. మళ్లీ లాగితే మెలికలు పోయి పురి తిరిగొస్తుంది. పురి ట్విస్ట్, మెలిక రైద్. కొసలు తిరగనివ్వనంతవరకు మారని మొత్తమే లింకింగ్ నంబర్.

ఇప్పుడు 5,250 బేస్ జతలు (రెండు పోగులను కలిపే మెట్లు) ఉన్న వలయాకార డీఎన్ఏ తీసుకోండి. 10.5 జతలకు ఒక చుట్టు చొప్పున మామూలుగా 500 చుట్లు. 25 చుట్లు విప్పి కొసలు అతికిస్తే లింకింగ్ నంబర్ 475. మెలికల్లేకుండా చదునుగా పరచాలంటే ట్విస్ట్ కూడా 475 కావాలి, అంటే చుట్టుకు 11.05 జతలు. దానికి శక్తి ఎక్కువ కావాలి. అందుకే లోటులో ఎక్కువ వంతు మెలికల్లోకి పోతుంది. ట్విస్ట్ 493.4 అయితే రైద్ మైనస్ 18.4. కూడి చూడండి, 475.

దశాంశం ఎందుకంటే, ఒక దిక్కు నుంచి చూస్తూ డీఎన్ఏ నడిమి గీత తనను తాను దాటిన ప్రతిచోటా ప్లస్ 1 లేదా మైనస్ 1 వేసి కూడితే పూర్ణాంకమే వస్తుంది. కానీ దిక్కు మారితే ఆ అంకె మారవచ్చు. అన్ని దిక్కుల సగటే రైద్. లింకింగ్ నంబర్ రెండు పోగుల మధ్య లెక్క, ఎటునుంచి చూసినా ఒకటే. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా అందమైన చోటు ఇదే.

రొమేనియా గణితవేత్త కలుగరెయాను ఈ సూత్రాన్ని 1959–61లో శుద్ధ జ్యామితిగా రాశారు. గణితవేత్త ఫుల్లర్ 1971లో డీఎన్ఏకు అన్వయించారు.

లింకింగ్ నంబర్ మారాలంటే పోగు తెగాల్సిందే. బాక్టీరియాలోని గైరేజ్ అనే ఎంజైము రెండు పోగులనూ కోసి, ఆ సందులోంచి మరో భాగాన్ని దాటించి అతికిస్తుంది, కాబట్టి ప్రతిసారీ 2 తగ్గుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర అడ్డుపడేది ఈ అతికింపుకే.

పై వలయంలో గైరేజ్ ఇంకో 3 సార్లు పనిచేసి, ట్విస్ట్ 491.8కి వచ్చిందనుకోండి. రైద్ ఎంతో లెక్కకట్టి కింద రాయండి, చూస్తాను.