ఫుడ్ బ్యాంకు ఒక్కటే ఊరి ఆకలి తీర్చగలదా?

అడిగింది: విజయవాడ లాంటి నగరంలో ఫుడ్ బ్యాంకు ఎలా పనిచేస్తుంది, దానికి స్థానిక సంస్థల సాయం ఎందుకు?

ఫుడ్ బ్యాంకు ముఖ్యంగా చేసేది సేకరణ, నిల్వ. దాతలిచ్చిన బియ్యం, పప్పు, నూనెను వృద్ధాశ్రమాలకు, సేవా సంస్థలకు పంపుతుంది. ఏ సందులో ఎవరు పస్తులుంటున్నారో తెలిసేది ఆ సంస్థలకే. వాళ్లు లేకపోతే సరుకు గోడౌన్ దాటదు.

అసలు టెన్షన్ వండిన భోజనంతోనే. 60 డిగ్రీల పైన వేడిగా ఉంచకపోతే అన్నం, సాంబారు కొన్ని గంటల్లోనే పాడవుతాయి, బెజవాడ ఎండల్లో మరీ త్వరగా. అందుకే పెళ్లి భోజనం మిగిలేలా ఉందనిపిస్తే, అందరూ తిని వెళ్లాక కాదు, బంతులు నడుస్తుండగానే ఫోన్ చేయండి. వడ్డించని గిన్నెల్లోదే ఇవ్వండి, ఎప్పుడు వండారో చెప్పండి. మిగులు ఆహారం పంపిణీకి 2019లో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు కూడా వచ్చాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద విజయవాడలోని సింగ్ నగర్‌ను ముంచినప్పుడు బియ్యం బస్తాలతో వెంటనే ప్రయోజనం లేదు. పొయ్యి వెలిగించే వీలే లేని ఇళ్లకు కావాల్సింది భోజనం పొట్లాలు, మంచినీళ్లు. పడవలతో పాటు డ్రోన్లతోనూ అందించారు.

మామూలు రోజుల్లో అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకే భోజనం దొరుకుతుంది, అది చాలా పెద్ద ఆసరా. కానీ మంచం దిగలేని ఒంటరి ముసలివాళ్లు అక్కడిదాకా రాలేరు. నా దృష్టిలో ఫుడ్ బ్యాంకులు, కాలనీ సంఘాలు కలిసి ముందు చేరాల్సింది వాళ్ల గుమ్మానికే.