మార్స్ మీద కంప్యూటర్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేసేదెవరు?

ప్రశ్న: "నేను ఈసీఈ థర్డ్ ఇయర్. అంత ఖర్చుపెట్టి మార్స్ మీదికి పంపే రోవర్లలో కంప్యూటర్లు కూడా మన ఫోన్లలా హ్యాంగ్ అవుతాయా? అయితే అక్కడ రీస్టార్ట్ బటన్ నొక్కేదెవరు?"

అవుతాయండీ. చాలాసార్లు అయ్యాయి కూడా. బటన్ నొక్కేది చాలావరకు ఆ కంప్యూటరే. అసలు చిక్కు ఎక్కడంటే, రీస్టార్ట్ అయిన ప్రతిసారీ మళ్లీ అదే చోట పడిపోతుంటే ఏం చేయాలన్నది. ఇది నాకు పాడేరు దగ్గర ఒక కొండమీద అర్థమైంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను పదేళ్లకు పైగా ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్, అంటే యంత్రాల లోపల ఉండే చిన్న కంప్యూటర్లను నడిపే ప్రోగ్రామ్‌లు, రాస్తున్నాను. మొదట్లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో వర్షపాతం కొలిచే డేటా లాగర్లు తయారుచేసేవాళ్లం. ఒక డబ్బాలో బోర్డు, మెమరీ కార్డు, సిమ్ వేసిన మోడెమ్, బ్యాటరీ, పైన చిన్న సోలార్ ప్యానెల్. పావుగంటకోసారి నిద్రలేచి, రీడింగ్ తీసుకుని, ఒక ఫైల్ రాసి, సర్వర్‌కి పంపి మళ్లీ పడుకోవాలి. ఒక వానాకాలం పాడేరు వైపు పెట్టిన లాగర్ నుంచి డేటా ఆగిపోయింది. వానలకు సిగ్నల్ పోయి ఉంటుందిలే అని నాలుగు రోజులు చూశాం. ఐదో రోజు నన్ను బస్సెక్కించారు.

పక్కనే కాఫీ తోట ఉన్న పెద్దాయన నన్ను చూడగానే అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "రాత్రంతా ఆ లైటు వెలగడం, ఆరడమే బాబూ. మీ మిషను నిద్రే పోవట్లేదు."

మూత తీశాను. ఎర్ర లైటు మూడుసార్లు మినుకుమనడం, ఆగడం, నలభై సెకన్లకు మళ్లీ మూడుసార్లు. ల్యాప్‌టాప్‌కి సీరియల్ కేబుల్ తగిలిస్తే తెరమీద అవే నాలుగు లైన్లు. ఆన్ అయ్యాను, మోడెమ్ లేపాను, కార్డు తెరుస్తున్నాను, ఫైళ్ల జాబితా చదువుతున్నాను... నాలుగో లైన్ సగంలో తెగిపోయి, మళ్లీ మొదటి లైన్. పన్నెండు వోల్టుల బ్యాటరీ పదిన్నరకు దిగిపోయింది.

కారణం నేను రాసిన కోడే. రోజుకు 96 ఫైళ్లు. నాలుగు నెలల్లో పదకొండు వేలు దాటాయి. ఆన్ అవ్వగానే ఆ పేర్లన్నీ ర్యామ్‌లోకి, అంటే పని చేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీలోకి, తెచ్చుకునేలా రాశాను. ర్యామ్ చాలక ప్రోగ్రామ్ ఆగిపోయేది. అలా ఆగిపోతే బోర్డును రీసెట్ చేయడానికి వాచ్‌డాగ్ అనే టైమర్ ఉంటుంది. ప్రోగ్రామ్ దాన్ని కొన్ని సెకన్లకోసారి పలకరిస్తూ ఉండాలి. పలకరింపు రాకపోతే 'వీడు పడిపోయాడు' అనుకుని రీసెట్ కొడుతుంది. అది తన పని తాను చేసింది. కానీ లేచిన ప్రతిసారీ అవే పదకొండు వేల ఫైళ్లు ఎదురుగా ఉన్నాయి.

కార్డు బయటికి లాగాను. బోర్డు వెంటనే లేచి, సర్వర్‌కి మెసేజ్ పంపింది.

తిరుగు ప్రయాణంలో ఫోన్‌లో వెతుకుతుంటే స్పిరిట్ రోవర్ సంగతి కనిపించింది. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నాసా వాళ్ల స్పిరిట్ 2004 జనవరి 4న మార్స్ మీద గుసేవ్ క్రేటర్‌లో దిగింది. ప్రాసెసర్ వేగం 20 మెగాహెర్ట్జ్, ర్యామ్ 128 ఎంబీ, కరెంటు పోయినా ఫైళ్లు నిలిచే ఫ్లాష్ మెమరీ 256 ఎంబీ. రేడియేషన్‌కి తట్టుకునే చిప్‌లు కావాలి కాబట్టి అప్పటి మన ఇళ్లలోని కంప్యూటర్ల కంటే చాలా నెమ్మది. జనవరి 21న మాట్లాడటం మానేసింది. సిగ్నల్ అందుకోవాల్సిన స్టేషన్ ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర ఉంది, అక్కడ ఆ రోజు ఉరుములతో వాన. వాళ్లూ మొదట వాననే అనుమానించారు!

తర్వాత తెలిసిందేమిటంటే రోవర్ మళ్లీ మళ్లీ రీబూట్ అవుతోంది. అరవైసార్లకు పైనే అయింది. రాత్రి పడుకోవాల్సిన యంత్రం పడుకోకుండా బ్యాటరీ తాగేస్తోంది. పెద్దాయన మాటే గుర్తొచ్చింది నాకు. లోపల జరుగుతున్నదీ అదే. ప్రయాణంలో పోగైన ఫైళ్లు, దిగాక చేరినవి కలిసి ఫ్లాష్‌లో పెరిగిపోయాయి. ఫైల్ చెరిపేసినా డైరెక్టరీలో, అంటే ఫైళ్ల జాబితాలో, దాని చోటు అలాగే ఉండిపోయేది. ఆ డైరెక్టరీ మొత్తాన్నీ ర్యామ్‌లో పెట్టుకోబోయి మెమరీ చాలక సాఫ్ట్‌వేర్ రీసెట్ అయ్యేది. లేవగానే మళ్లీ అదే ఫ్లాష్‌ను తెరవబోయేది. పాత ఫైళ్లు తీసేసే చిన్న ప్రోగ్రామ్‌ను అంతకు కొద్ది రోజుల ముందే పంపారు కానీ అది పూర్తిగా చేరలేదు. మళ్లీ పంపేలోపే ఇది జరిగిపోయింది.

అక్కడ కార్డు లాగడానికి చెయ్యి లేదు. కమాండ్ చేరడానికే సుమారు పది నిమిషాలు పట్టే దూరం. కానీ వాళ్లు ఒక పని ముందే చేసి పెట్టుకున్నారు. ఫ్లాష్ జోలికే పోకుండా, ర్యామ్‌లోనే తాత్కాలికంగా ఫైళ్లు పెట్టుకుని బూట్ అయ్యే దారి ఒకటి సాఫ్ట్‌వేర్‌లో ఉంచారు. ఆ కమాండ్ పేరులోనే 'క్రిపుల్డ్' అనే మాట ఉంది, అంటే కుంటుతూనైనా లేవమని. అది పంపితే స్పిరిట్ నిలబడింది. ఫిబ్రవరిలో ఫ్లాష్ ఫార్మాట్ చేశారు. తొంభై రోజుల పనికి పంపిన రోవర్ 2010 మార్చి దాకా మాట్లాడుతూనే ఉంది.

మీ ప్రశ్నకు నా జవాబు ఆ దారే. పాడైపోని కంప్యూటర్‌ను ఎవరూ చేయలేరు. పాడైన భాగాన్ని పక్కనపెట్టి లేచే దారి ముందే ఉంచారా లేదా అన్నదాన్ని బట్టే ఆ యంత్రం బతుకుతుంది. ఆ దారి వాళ్లకు ఉంది, నా లాగర్‌కు లేదు.

1997లో నాసా వాళ్ల పాత్‌ఫైండర్ నౌక కూడా మార్స్ మీద ఇలాగే రీసెట్లు తిన్నది, అయితే కారణం వేరు. దీన్ని నేను జూనియర్లకు కలెక్టరాఫీసుతో పోల్చి చెబుతాను. బీరువా తాళం చిన్న గుమస్తా దగ్గర ఉంది. కలెక్టర్‌గారు ఫైలు కోసం ఎదురుచూస్తున్నారు. మధ్యలో ఉన్న ఆఫీసర్లు గుమస్తాను ఆపి తమ పనులు చేసుకుంటున్నారు. గుమస్తా కదలడు, తాళం రాదు, కలెక్టర్‌గారి టైమ్ అయిపోతుంది. అక్కడ గుమస్తా అంటే వాతావరణం కొలిచే టాస్క్ (ప్రోగ్రామ్‌లో ఒక పని), కలెక్టర్ అంటే భాగాల మధ్య డేటా మోసే డేటా బస్‌ను చూసుకునే టాస్క్. తాళం ఇచ్చేదాకా గుమస్తాను ఎవరూ ఆపకూడదు అనే సెట్టింగ్ ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంది, ఆన్ చేయలేదంతే. భూమి మీద అలాంటిదే ఇంకో కంప్యూటర్‌లో అదే తప్పు మళ్లీ వచ్చేదాకా పరీక్షించి కారణం పట్టుకున్నారు, సెట్టింగ్ మార్చే కోడ్ పంపారు.

ఇన్నీ చెప్పి, దూరం నుంచి సరిచేయడం ఎప్పుడూ మంచికే అనిపిస్తే అది తప్పు. మార్స్ చుట్టూ తిరిగిన నాసా నౌక మార్స్ గ్లోబల్ సర్వేయర్ దాదాపు పదేళ్లు బాగా పనిచేసింది. 2006 జూన్‌లో పంపిన కమాండ్లలో కొన్ని విలువలు మెమరీలో వేరే అడ్రస్‌లో పడ్డాయి. ఐదు నెలలు ఎవరికీ తెలియలేదు. నవంబరులో సోలార్ ప్యానెల్ ఇరుక్కుందని అనుకుని, అది బ్యాటరీకి ఎండ తగిలేలా తిరిగింది. బ్యాటరీ వేడెక్కి పోయింది. యాంటెన్నా ఎటు తిప్పాలో చెప్పే విలువ కూడా చెడిపోవడంతో తనకేమైందో చెప్పుకోలేకపోయింది. అప్‌డేట్ పంపే ముందు నాకు ఇప్పటికీ టెన్షన్ పుట్టించేది ఈ కథే.

హార్డ్‌వేరే చచ్చిపోతే? నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 1 చూడండి. 1977లో వెళ్లింది. 2023 నవంబరులో అర్థంలేని డేటా పంపడం మొదలుపెట్టింది. డేటా సర్దే కంప్యూటర్‌లో మెమరీ చిప్ ఒకటి పోయింది, దాని మెమరీలో 3 శాతం. ఆ చిప్‌లోని కోడ్ మొత్తం పట్టే ఖాళీ మరోచోట లేదు. ముక్కలు చేసి, దొరికిన సందుల్లో సర్ది, ఒక ముక్క ఇంకో ముక్కను వెతుక్కునే అడ్రస్‌లన్నీ మార్చి 2024 ఏప్రిల్ 18న మొదటి భాగం పంపారు. వెళ్లడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి అంతే. ఏప్రిల్ 20న సరైన జవాబు వచ్చింది.

మీరు ఈసీఈ అన్నారు కాబట్టి ఒక మాట. ఏదైనా చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు తీసుకుని, ఎస్‌డీ కార్డులో ఫైళ్లు నింపుతూ అది కూలిపోయేదాకా చూడండి. తర్వాత వరసగా మూడుసార్లు రీసెట్ అయితే కార్డు ముట్టుకోకుండా లేచేలా రాయండి. పాడేరు తర్వాత మా లాగర్లలో పెట్టింది అదే. అయితే ఆ రీసెట్ల లెక్కను కార్డులో రాయకండి. మొదటిసారి నేను అక్కడే రాశాను. కార్డు తెరవలేని బోర్డుకు ఆ లెక్క కూడా దొరకదు కదా. కాయిన్ బ్యాటరీతో నడిచే క్లాక్ చిప్‌లు కొన్నింటిలో కొన్ని బైట్లు ఖాళీగా ఉంటాయి, అక్కడ దాచండి.